నిద్ర నీరడి

నా చిన్నప్పుడు మా ఊళ్లో తప్పిపోవాలంటే అడవికి పోనక్కరలేదు. ఇంటి వెనక గెట్టు దిగితే చాలు. అక్కడ మొదలైన చెరుకు బోధన్ దాకా తెగేది కాదు. నిజామాబాద్ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నా ఇటూ అటూ పచ్చటి గోడలే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు మొదటి ఏడాది ఊపిరాడటం లేదని ఏడ్చేవాళ్లట. ఈ మాట మా అవ్వ చెప్పింది. మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఆమె కూడా ఏడ్చే ఉంటుంది, ఒప్పుకునేది కాదు.

ఊరు అంటున్నాను గాని, పల్లెల వాళ్లు మమ్మల్ని పట్నపోళ్లు అనేవాళ్లు, నిజామాబాద్ వాళ్లేమో పల్లెటోళ్లు అనేవాళ్లు. రెండు మాటలూ మాకు తిట్టుగానే తగిలేవి. ఒక బజారు, వారానికో అంగడి, రెండు చాయ్ హోటళ్లు, ఒక మసీదు, బండి చక్రాలకు పట్టాలు వేసే ఒక కొలిమి, ఇంతే మా ఊరు. హోటల్లో ఉర్దూ, అంగట్లో మరాఠీ, ఇంట్లో తెలుగు. మూడింట్లో ఏదీ రాకపోయినా చేతులు తిప్పి బతకొచ్చు. చలికాలం రాగానే గాలి ఇటు తిరిగితే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన వచ్చేది. తీపిగానే ఉండేది గాని కడుపులో తిప్పేది. వాసన వెంట సైరన్ వచ్చేది. ఆ సైరన్ వినే అవ్వ ఎసరు పెట్టేది. ఊరు తినడం, లేవడం, పడుకోవడం అంతా దాని మాట మీదే.

బడి మా ఇంటికి నాలుగిళ్ల అవతల. అన్న పోయేవాడు. నేను పోలేదు. నా చంకలో తమ్ముడు ఉండేవాడు. అవ్వా బాపూ కూలికి పోతే వాడు నా మీద, నేను వాడి మీద. ఏడెనిమిదేళ్ల పిల్లను, నడుము ఒక పక్కకు వంగిపోయింది. బడి గోడ బయట నిలబడి వాడిని ఊపుతూ ఎక్కాలు వినేదాన్ని. అన్నీ నోటికి వచ్చాయి. కంటికి మాత్రం రాలేదు. పలక మీద రాసి చూపిస్తే అది ఎక్కమో ఎడ్ల బొమ్మో నాకు తెలిసేది కాదు.

ఇక నీరడి తాత సంగతి. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ తాతే. కాలువ నీళ్లు ఏ పొలానికి ఎప్పుడు వదలాలో, ఎంతసేపు వదలాలో చూసేవాడిని నీరడి అంటారు. వాళ్ల తాతల నుంచీ అదే పని. పొద్దున్నే భుజాన పార వేసుకుని కాలువ వెంట నడిచేవాడు. పార పక్కన పెట్టగా నేను చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా తొడ మీద అడ్డంగా పెట్టుకునేవాడు. ఆయనకు ఒక గర్వం ఉండేది. నీళ్లు పారుతుండగా తను ఎన్నడూ కన్ను మూయలేదని. హోటల్ ముందు పదిమంది ఉన్నప్పుడు ఆ మాట తప్పకుండా తెచ్చేవాడు. దొంగ అంటే ఊరుకుంటాడేమో గాని, నీళ్ల కాడ కునికావని నవ్వులాటకు అన్నా రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

ఆ రోజు అవ్వా బాపూ పసుపు తవ్వడానికి పోయారు. ఎండ బాగా ఉంది. పటేల్ చెరుకు తోట అంచున ఒక తుమ్మచెట్టు ఉండేది. దాని కొమ్మకు అవ్వ పాత చీరతో తొట్టెల కట్టి తమ్ముడిని పడుకోబెట్టాను. వాడు నిద్రపోయాడు. నా చంక ఖాళీ అయింది. అదొక్కటే నాకు గుర్తు, చంకకు గాలి తగలడం.

తోట కోతకు వచ్చింది. తెల్లవారితే కోత. ఫ్యాక్టరీ నుంచి పటేల్‌కు వంతు వచ్చిందని, మరాఠీ కోతగాళ్లు పెళ్లాం పిల్లలతో వచ్చి ఆకు గుడిసెలు వేసుకున్నారని ఊరంతా తెలుసు. కోతకు ముందు చాలా రోజులు నీళ్లు ఆపేస్తారు. నేల గట్టిపడితేనే బండ్లు లోపలికి పోతాయి. ఈ సంగతి మాలాంటి పిల్లలకు కూడా తెలుసు.

నాకు ఒక్క గడ కావాలి. అంచున ఉన్నవి సన్నం, చప్పన. తీపివన్నీ లోపల ఉంటాయి. పది అడుగులు వేశాను. ఒకటి విరిచాను. దాని పక్కది ఇంకా లావుగా కనిపించింది. దాని కోసం రెండు సాళ్లు దాటాను. తర్వాత వెనక్కి తిరిగితే వెనక అనేది లేదు.

చెరుకు తోటలోకి పోనివాళ్లకు ఇది చెప్పినా తెలియదు. గాలికి పడిపోకుండా నాలుగేసి గడలను వాటి ఆకుతోనే జడ అల్లి కట్టేస్తారు. మనిషికి రెండింతల ఎత్తు. పైన ఆకు కమ్ముకుని ఆకాశం చీలికలుగా కనిపిస్తుంది. ఎటు చూసినా అవే గడలు, అవే జడలు. ఎండిన ఆకు అంచు కత్తి. నేను పరిగెత్తాను. మొహం కోసుకుపోయింది, మోచేతులు కోసుకుపోయాయి. ఆగి చూస్తే మొదట నిలబడ్డ చోటే నిలబడినట్టు ఉంది. మళ్లీ ఇంకో వైపు పరిగెత్తాను. అరిస్తే నా గొంతు నా చుట్టే తిరిగింది.

అప్పుడు తమ్ముడు లేచాడు. వాడి ఏడుపు వినపడింది. కుడివైపు అనుకుని పోతే ఎడమవైపు వినిపించింది. ఎడమకు పోతే వెనక నుంచి. తోట నిండా వాడే ఏడుస్తున్నట్టు ఉంది. వాడు తొట్టెలలోంచి కింద పడతాడని, సాయంత్రం పందులు దిగుతాయని, అవ్వ వస్తుందని, ఇవన్నీ ఒకేసారి నా తలలోకి వచ్చాయి. నిజం చెబుతున్నాను, వీటిలో పందుల కంటే అవ్వ గురించే ఎక్కువ భయపడ్డాను.

కొంతసేపటికి వాడి ఏడుపు ఆగిపోయింది. ఏడుపు వినపడ్డంతసేపు భయం అనుకున్నాను గాని, అది ఆగాక పట్టుకున్నదే భయం.

ఆ తర్వాత ఒక ముసలి గొంతు వినపడింది. ఎక్కడి నుంచో తెలియదు.

“లోపట ఎవలే? పోరడిని పండవెట్టి పోయిన పోరీ! ఇంటున్నవా?”

“తాతా!” అని అరిచాను.

“ఉర్కకు! ఉర్కితే ఇంకింత లోపటికి వోతవ్. ఆడ్నే నిలవడు!”

“తమ్ముడేడి తాతా?”

“నా సంకల ఉన్నడు. నా తువ్వాల నములుతున్నడు. నువ్వు కదలకు. కాళ్లకు నీళ్లు తాకుతయి. తాకినంక కేకెయ్యి.”

నీళ్లెందుకో నాకు అర్థం కాలేదు. నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. పిల్లలకు నిలబడటం కంటే కష్టమైన పని లేదు. గడ ఒకటి ఇంకా నా చేతిలోనే ఉంది. పారేయాలన్న ఆలోచన కూడా రాలేదు. తర్వాత ఎండు ఆకు కింద చిన్న చప్పుడు మొదలైంది, ఎలుకలు తిరుగుతున్నట్టు. బీటలు వారిన నేల నీళ్లు తాగుతున్న చప్పుడు అది. చీమలు గుడ్లు నోట పట్టుకుని గడల మీదికి ఎక్కాయి. చల్లగా నా బొటనవేలికి తగిలింది.

“తాకినయ్ తాతా!”

“ఎటుకెళ్లి వస్తున్నయో సూడు. నీళ్లు నీకు ఎదురురావాలె. సాలు దాటకు. అదే సాలు వట్టుకుని నీళ్లకు ఎదురు రా.”

నడిచాను. ముందర ఏమీ కనపడదు, పాదాల దగ్గర పారే నీళ్లు తప్ప. నురగ, ఎండు ఆకు ముక్కలు నాకు ఎదురొచ్చాయి. అడుగడుక్కీ నీళ్లు పెరిగాయి. మడమ, చీలమండ. తర్వాత వెలుతురు. కాలువ గెట్టు. దాని మీద తాత. ఒక చంకలో మా తమ్ముడు, ఇంకో చేతిలో పార.

నేను ఏ సాలులో ఉన్నానో ఆయనకు తెలియదు కదా. అందుకని అన్ని సాళ్లకూ గండి కొట్టాడు. ఒంటి చేత్తో, పసివాడిని మోస్తూ, ఆ అంచు నుంచి ఈ అంచు దాకా. కింది వరి మళ్లకు పోవాల్సిన నీళ్లన్నీ పటేల్ చెరుకులోకి తిరిగాయి.

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కాలువలో నా మొహం కడిగాడు. గీతల మీద నీళ్లు పడి మండింది. నా చేతిలోని గడ చూసి, “గిదొక్కదాని కోసమా?” అన్నాడు. తర్వాత చెప్పిన మాటలు ఇవి, ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

“తప్పిపోయినోళ్లు ఉర్కద్దు బిడ్డా. నిలవడాలె. నీళ్లు ఎటుకెళ్లి వస్తున్నయో సూస్కోవాలె. ఎదురు నడిస్తే తూము దొరుకుతది. తూము కాడ మనిషి ఉంటడు.”

నాకు అప్పుడు ఆ మాటలు పట్టలేదు. నా భయం నాది. “అవ్వకు చెప్పకు తాతా” అని కాళ్లు పట్టుకున్నాను.

“చెప్ప.”

“ఒట్టు?”

ఆయన వంగి కాలువలో చెయ్యి ముంచాడు. “నీళ్ల మీద ఒట్టు. పో ఇగ. పోరనికి ఆకలైతుంది.”

నేను తమ్ముడిని ఎత్తుకున్నాను. ఆయన గండ్లు ఒక్కొక్కటే పూడ్చుకుంటూ పోయాడు. చివరిది పూడ్చి, నడుము మీద చెయ్యి వేసుకుని తోట వైపు చూస్తూ నిలబడ్డాడు. అలసిపోయాడనుకున్నాను. అట్లా ఎందుకు చూశాడో తెల్లవారాక తెలిసింది.

పొద్దున్నే కోతగాళ్లు దిగారు. మొదటి బండి లోపలికి పోయి ఇరుసు దాకా దిగబడింది. ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. మరాఠీ ఆడవాళ్లు కొడవళ్లు నడుముకు పెట్టుకుని “చిఖల్, చిఖల్” అన్నారు. బురద అని. నేను నేర్చుకున్న మొదటి మరాఠీ మాట అది. ఆ రోజు కోత ఆగింది. పటేల్‌కు వచ్చిన వంతు వేరేవాళ్లకు పోయింది. మళ్లీ వంతు రావాలంటే ఎప్పటికో. కోతగాళ్లు గుడిసెలు పీకి ఇంకో తోటకు పోయారు.

పటేల్ హోటల్ ముందు తాతను నిలబెట్టాడు. ఊరంతా చేరింది. నేను కూడా చేరాను, చంకలో తమ్ముడితో.

“తెల్లారితే కోత ఉన్న తోటల నీళ్లు ఎట్ల వడ్డయ్‌రా? ఎవడు తెంపిండు?”

తాత తల పైకెత్తి జనాన్ని చూశాడు. చూస్తూ చూస్తూ నా దగ్గర ఆగాడు. నా మొహం మీద గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అవ్వ చీకటి పడ్డాక వచ్చి తెల్లవారకముందే కూలికి పోయింది కాబట్టి చూడలేదు. ఆకు కోసిన గీతలు ఎలా ఉంటాయో ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఒక్కరు అడిగితే చాలు. ఎవరూ పిల్లల వైపు చూడలేదు. నేను తమ్ముడి వీపు వెనక మొహం దాచుకున్నాను.

“నిద్ర వట్టింది పటేలా,” అన్నాడు తాత. “నీళ్లు ఇడిసి కూసున్న. కన్ను మూతవడ్డది. కట్ట తెగింది సూస్కోలే.”

 ఆయన ఇంకే మాట చెప్పినా జనం అంత ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. తర్వాత ఎవడో వెనక నుంచి, “కన్ను మూయని నీరడి అంటివి గదా తాతా!” అన్నాడు. నవ్వు మొదలైంది. హోటలాయన కూడా నవ్వాడు, “అరే సాబ్, చాయ్ పియో, నీంద్ ఉడ్ జాయేగీ” అని. చాయ్ తాగితే నిద్ర ఎగిరిపోతుందని. పటేల్ మాత్రం నవ్వలేదు. పార కింద పెట్టమన్నాడు. తాత పెట్టాడు.

ఆ పార ఇంకొకడు ఎత్తుకున్నాడు. నీరడి పని ఆ ఇంటి నుంచి పోయింది.

అవ్వకు చెబితే ఏమయ్యేది? నాలుగు దెబ్బలు. ఎక్కువంటే ఒక పూట అన్నం ఉండదు. నాలుగు దెబ్బలకు భయపడి నేను ఒక మనిషి పేరు పోగొట్టాను. చిన్నపిల్లను కదా అని ఇప్పుడు ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. చిన్నపిల్లకు చెరుకు గడ కోసం పది అడుగులు వేసే ధైర్యం ఉంది, హోటల్ ముందు నాలుగు అడుగులు వేసే ధైర్యం లేదా? తోటలో నేను చిక్కుకున్నది ఒక పూట. ఆ మాట చెప్పలేక చిక్కుకున్నది ఇన్నేళ్లు.

తాత ఆ తర్వాత నాలుగైదేళ్లు బతికాడు. హోటల్ ముందు అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చునేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు ఆయనకు. పోయేవాళ్లు వచ్చేవాళ్లు “లేసినవా తాతా?” అని అడిగేవాళ్లు. “ఇప్పుడే” అని నవ్వేవాడు. నేను ఆ దారిన పోతే మాత్రం ఒకటే అడిగేవాడు, “పోరడు ఎట్లున్నడే?” అని. వాడు నడుస్తున్నాడని చెప్పాను ఒకసారి. బడికి పోతున్నాడని చెప్పాను ఇంకోసారి. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆయన పోయిన రోజు కూడా వాళ్లింటి ముందు దాకా పోయి తిరిగొచ్చాను.

మనిషి పోయాడు గాని మాట పోలేదు. మా ఊళ్లో ఎవరైనా పని మీద కునికితే “నిద్ర నీరడి” అంటారు. బస్సులో నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోయినవాడు నిద్ర నీరడి. పాలు పొంగిపోనిచ్చిన కోడలు నిద్ర నీరడి. నా పిల్లలు అన్నారు, ఇప్పుడు వాళ్ల పిల్లలు అంటున్నారు. నీరడి అంటే ఏమిటో కూడా వాళ్లకు తెలియదు. ఆ మాట విన్న ప్రతిసారీ నా మొహం మీద ఆకు గీసుకున్నట్టు ఉంటుంది.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఆడవాళ్ల పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గేసి రాత్రి బడికి పోయాను. చదువు చెప్పే అమ్మాయి మా కోడలి వయసుది. కూడబలుక్కుని మొదటి వరుస చదివాను. వరుస చివరికి వచ్చాక, కింది వరుస అక్కడి నుంచే వెనక్కి చదవడం మొదలుపెట్టాను. నాగలి సాలు చివర తిరిగితే అటు నుంచే కదా వస్తుంది. మళ్లీ మొదటికి మోసుకుపోయి దున్నే రైతును నేను చూడలేదు. పక్కన కూర్చున్న చాంద్‌బీ పడీపడీ నవ్వింది, “ఏందక్కా, ఒక వరుస తెలుగు, ఒక వరుస ఉర్దూనా?” అని. నేను కూడా నవ్వాను. తర్వాత వరుస కింద వేలు పెట్టుకుని చదవడం నేర్చుకున్నాను. అక్షరాలన్నీ ఒకటే తీరుగా, జడలు కట్టిన చెరుకులాగా ఉండి కళ్లు తిరిగినప్పుడు, పరిగెత్తకుండా ఆగేదాన్ని. ఒకటే సాలు పట్టుకునేదాన్ని. ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఒకనాడు ఆ అమ్మాయి, మీకు తోచింది ఒక వాక్యం రాయండి అంది. అందరూ దేవుడి పేరో, మొగుడి పేరో, ఊరి పేరో రాశారు. నేను “నీరడి తాత నిద్ర పోలేదు” అని రాశాను. అమ్మాయి చూసి ఒత్తు దిద్ది, బాగుంది అంది. ఎవరీ నీరడి తాత అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. అడగలేదని సంతోషపడ్డాను కూడా. అంత పిరికిదాన్ని.

ఇప్పుడు ఊళ్లో చెరుకు లేదు. ఫ్యాక్టరీ మూతపడింది, సైరన్ లేదు, మడ్డి వాసన లేదు. వరి, సోయా వేస్తున్నారు. మా ఇంటి వెనక గెట్టు మీద నిలబడితే రైలుకట్ట దాకా కనిపిస్తుంది. ఇంత బయలు ఉండగా కూడా ఊపిరి ఆడేది కాదు నాకు.

మొన్న వరికి నీళ్లు కట్టే మనిషి మోటరు కాడ నిద్రపోయాడని మా తమ్ముడు వాడి మీద ఎగిరాడు. “నిద్ర నీరడి లెక్క పండుకున్నవేందిరా!” అన్నాడు. వాడే. ఆ తాత చంకలో తువ్వాల నమిలినవాడే. జుట్టు తెల్లబడింది వాడికి.

నేను గెట్టు మీద నిలబడిపోయాను. కదలలేదు. తర్వాత వాడిని పిలిచి, అక్కడే, నీళ్ల పక్కనే, మొత్తం చెప్పాను. తొట్టెల, గడ, గండ్లు, ఒట్టు, హోటల్, పార. తాత పోయేదాకా వాడి గురించే అడిగాడని కూడా చెప్పాను.

 “నేను మస్తు ఏడ్సిన్నా అక్కా?” అని అడిగాడు వాడు.

“నువ్వు ఏడ్వకుంటే ఆయన అటు రాకపోవు. నేను ఆ తోటల్నే ఉందును” అన్నాను.

వాడు చెప్పులు విడిచి కాలువలో దిగి నిలబడ్డాడు. నీళ్లు వచ్చే వైపు తిరిగి.

ఒక్కడికి చెప్పాను గాని, ఆ మాట ఊరందరి నోట్లో ఉంది. అందుకే రాస్తున్నాను. వరుస కింద వేలు పెట్టుకుని, ఒక్కొక్క సాలే పట్టుకుని, నీళ్లకు ఎదురు నడిచి ఇంతదూరం వచ్చాను. మా ఊరివాళ్లు ఎవరైనా ఇది చదివితే, చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. ఆ రోజు తాత నిద్రపోలేదు. తూము కాడనే ఉన్నాడు.